నెయిల్ పాలిష్ మూత బిగుసుకుపోతే

సంక్రాంతికి ఇష్టంగా దాచుకున్న నేరేడు రంగు సీసా తీస్తే మూత కదలదు. మా అమలాపురంలో నాలాగా ముదురు రంగులు పోగేసేవాళ్లందరికీ ఈ టెన్షన్ తెలుసు.

చెయ్యి పట్టేంత వేడి నీళ్లలో సీసాను తలకిందులుగా, మూత మాత్రమే మునిగేలా 2 నిమిషాలు ఉంచండి. తడి తుడిచి, మూతకు రబ్బరు బ్యాండు చుట్టి తిప్పండి. ఊడి వస్తుంది. అసలు పని ఆ తర్వాతే. దూదికి రిమూవర్ అద్ది, సీసా మెడ మరల్లో పొరలుగా గట్టిపడిన రంగంతా తుడిచేయండి. ఆరాక వేలికొసతో పల్చగా వ్యాజిలైన్ రాయండి. మళ్లీ అంత త్వరగా పట్టేయదు. రంగు చిక్కబడి ఉంటే నెయిల్ పాలిష్ థిన్నర్ (పల్చన చేసే ద్రవం) 2, 3 చుక్కలు చాలు, రిమూవర్ మాత్రం పోయకండి.

లోపల రంగు పూర్తిగా గడ్డకట్టిన సీసాకు ఇది పనిచేయదు. ఇదంతా వెలిగే పొయ్యికి దూరంగా చేయండి, పాలిష్ ఇట్టే అంటుకుంటుంది.