టమాటా పూత రాలకుండా పిందె నిలవాలంటే: హార్మోన్ స్ప్రే కొట్టేముందు ఇది చదవండి

పూత బాగానే వస్తోంది కానీ పిందె పడట్లేదు అనగానే చాలామంది హార్మోన్ మందు కోసం వెతుకుతారు, కాస్త ఆగండి, పువ్వులో ఏం జరుగుతోందో తెలిస్తే చాలాసార్లు ఆ మందు అవసరమే రాదు.

పువ్వు విచ్చుకునే టైమ్‌కి లోపలి అండాశయం పెరగకుండా ఆగి ఉంటుంది, ఎథిలీన్, ఆబ్సిసిక్ యాసిడ్ లాంటి హార్మోన్లు దాన్ని అలా ఆపి ఉంచుతాయి. పుప్పొడి పడి ఫలదీకరణ జరిగాక ఆక్సిన్, జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోన్లు ఎక్కువవుతాయి, అప్పుడే పిందె కదులుతుంది. తర్వాత ఓ వారం నుంచి రెండు వారాలు కణాలు గబగబా విభజన చెంది సంఖ్య పెంచుకుంటాయి (ఇందులో సైటోకైనిన్లు అనే హార్మోన్ల పాత్ర కూడా ఉంది), ఆ పైన ఎక్కువగా జరిగేది ఉన్న కణాలే ఉబ్బడం. అంటే కాయ ఎంత సైజు అవ్వగలదో చాలావరకు పిందె బఠాణీ గింజంత ఉన్నప్పుడే తేలిపోతోందన్నమాట, కాయలు పెద్దయ్యాక సైజు మందులు కొట్టడం నాకైతే డబ్బు దండగ అనిపిస్తుంది.

ఇంకోటి, లోపల పెరిగే గింజలే ఆక్సిన్ ఇస్తూ ఉంటాయి. పుప్పొడి సరిగా అందక గింజలు తక్కువ పడితే కాయ చిన్నగా ఉండిపోతుంది, ఒక్కోసారి ఒక పక్కే ఉబ్బి వంకరగా వస్తుంది.

పువ్వు రాలడం కూడా ఈ లెక్కే. పూకాడ మధ్యలో చిన్న కణుపు కనబడుతుంది చూడండి, పువ్వు వైపు నుంచి ఆక్సిన్ వస్తున్నంతసేపు అది గట్టిగా ఉంటుంది, ఆక్సిన్ తగ్గితే ఎథిలీన్ పని మొదలెట్టి అక్కడే తెగిపోతుంది. కాడ పసుపు పచ్చగా మారిందంటే ఆ పువ్వు పోయినట్టే, దాని మీద స్ప్రే వేస్ట్.

సరే, ఏం చెయ్యాలి? ముందు థర్మామీటర్ చూడండి. రాత్రి 13 డిగ్రీల కంటే తగ్గినా, పగలు 35 దాటి రాత్రిళ్ళు కూడా వేడిగానే ఉన్నా పుప్పొడి సరిగా పనిచెయ్యదు. ఎండలకైతే నీడ నెట్ వెయ్యండి, నీళ్ళు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ కాకుండా చూడండి, యూరియా తగ్గించండి. గ్రీన్‌హౌస్‌లో కిరోసిన్ హీటర్ పెడితే దాని పొగలో ఎథిలీన్ ఉంటుంది, పూత రాలడానికి అదీ కారణం కావచ్చు, ఎవరూ అనుమానించరు దాన్ని.

తర్వాత పూగుత్తుల్ని కదపండి. టమాటా తన పుప్పొడితోనే కాస్తుంది కానీ అది కేసరాల గొట్టంలోంచి రాలాలంటే అదురు కావాలి, గాలి ఆడని చోట పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం లోపు, పువ్వు పొడిగా ఉన్నప్పుడు, గుత్తి కాడకి ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ ఆనించినా చాలు.

ఇవన్నీ చేసినా చలికో వేడికో పుప్పొడి పనిచెయ్యకపోతే అప్పుడు ఆక్సిన్ స్ప్రే, అంటే మొదట్లో చెప్పిన హార్మోన్ మందు. 1936లోనే గుస్టాఫ్‌సన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి పదార్థాలతో గింజలు లేకుండా కాయ పెరిగేలా చెయ్యొచ్చని చూపించాడు. ఇప్పుడు ఎక్కువగా వాడేది 4-సీపీఏ అనే కృత్రిమ ఆక్సిన్, డోసు పిపిఎమ్‌లలో చెప్తారు, ఒక పిపిఎమ్ అంటే లీటర్ నీళ్ళకి ఒక మిల్లీగ్రాము, లేబుల్ మీద ఎంత ఉంటే అంతే, కొంచెం ఎక్కువేస్తే ఇంకా బాగుంటుందని మాత్రం అనుకోకండి. గుత్తిలో మూడు నాలుగు పువ్వులు విచ్చాక చిన్న చేతి స్ప్రేయర్‌తో పువ్వుల మీదే కొట్టండి, ఒకే పువ్వుకి రెండోసారి వద్దు, చిగురు మీద పడితే ఆకులు సన్నగా ముడుచుకుని వైరస్ వచ్చినట్టు కనిపిస్తాయి.

జిబ్బరెల్లిన్‌తో కూడా పిందె నిలుస్తుంది గానీ కణాల సంఖ్య అంతగా పెరగదు కాబట్టి కాయ సాధారణంగా చిన్నదే, నేనైతే దీనికోసం అది వాడమని చెప్పను.

స్ప్రే చేసిన పువ్వుల రేకులు త్వరగా ఊడవు, తేమ ఉంటే అక్కడే బూజు పడుతుంది, కాబట్టి పిందె కనబడగానే వేలితో మెల్లగా తీసెయ్యండి. మొదటి కోతలో ఒక కాయ అడ్డంగా కోసి చూడండి, గదులు బోలుగా ఉండి గుజ్జు లేకపోతే, లేదా కాయ అడుగున మొనలా పొడుచుకొచ్చి ఉంటే డోసు ఎక్కువైందని అనుమానించాలి, తర్వాతి గుత్తులకి తగ్గించి కొట్టండి, వాతావరణం కుదురుకుంటే పూర్తిగా మానేసి కదపడం మాత్రం కొనసాగించండి.