తోకకప్పల గుంపును గమనించడం ఎలా?

తొలకరి తర్వాత కుంటల అంచుల్లోనూ బండల మీద నిలిచిన నీటిలోనూ కంచం వెడల్పున ఒక నల్లటి మచ్చ మెల్లగా కదులుతూ కనిపిస్తే, అది చాలావరకు గోదురుకప్ప పిల్లల గుంపే అయి ఉంటుంది. గరుకు చర్మం గల ఈ కప్ప జిగురు దారాల్లాంటి వరుసలలో గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చే తోకకప్పలు బొగ్గులా నల్లగా ఉండి, వందల సంఖ్యలో ఒకచోట చేరుతాయి. చూడగానే చేపల్లా బారు కట్టాయనిపిస్తుంది. అయితే ఒకచోట పోగవడం వేరు, ఒకే దిక్కుకు తల పెట్టి కలిసి సాగడం వేరు. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగినప్పుడే పరిశీలనకు విలువ ఉంటుంది.

ఎండ ఎక్కుతున్న ఉదయం వేళ, సూర్యుడు మీకు ఎదురుగా ఉండేలా గట్టున కూర్చోండి. మొదట్లో నేను నిలబడి వంగి చూసేవాణ్ని. నా నీడ పడగానే గుంపు చెదిరి అడుగుకు పోయేది. అదే వాటి సహజ నడవడి అనుకొని రెండు రోజులు తప్పుగా రాసుకున్నాను. కూర్చున్న తర్వాత పది నిమిషాలు కదలకుండా ఉంటే అవి మళ్లీ అంచుకు వస్తాయి. నీటి మీది మెరుపు తగ్గడానికి పోలరాయిడ్ కళ్లద్దాలు ఉపయోగపడతాయి.

తర్వాత ఫోనును ఒక కర్రకు కట్టి, గుంపుకు సరిగ్గా పైనుంచి ఒక నిమిషం వీడియో తీయండి. ఇంటికి వచ్చాక పది సెకన్లకు ఒకసారి దాన్ని ఆపి, గుంపు నడుమ నుంచీ అంచుల నుంచీ కలిపి ఇరవై పిల్లలను ఎంచుకొని, ఒక్కొక్కదాని తల గడియారంలో ఏ అంకె వైపు ఉందో రాసుకోండి. పదిహేనింటి తలలు పక్కపక్క అంకెల వైపే ఉంటే అవి కలిసి సాగుతున్నాయని, పన్నెండు అంకెల మీదా చెల్లాచెదురుగా ఉంటే అది వట్టి పోగు అని నేను లెక్క వేసుకుంటాను. గోదురుకప్ప పిల్లల్లో రెండూ కనిపిస్తాయి: మేస్తున్నప్పుడు తలలు అన్ని వైపులా ఉంటాయి, చోటు మారేటప్పుడు మాత్రం గుంపు ఒక పాయలా సాగి, ముందున్నవాటి వెనుక మిగిలినవి నడుస్తాయి.

పోగు ఎందుకు ఏర్పడిందో తెలుసుకోవడానికి నీడ పరీక్ష అన్నిటికంటే నమ్మకమైనది. గుంపు ఉన్న చోట సగం భాగం మీద నీడ పడేలా ఒక అట్టముక్కను గట్టున నిలబెట్టి, ఎండలోనూ నీడలోనూ నీటి వేడిని అక్వేరియం థర్మామీటరుతో పావుగంటకోసారి కొలవండి. నీడ చల్లబడిన కొద్దీ పిల్లలు ఎండ వైపు జరిగితే, వాటిని అక్కడ చేర్చింది వెచ్చదనమే. ఎందుకంటే వెచ్చటి నీటిలో అవి త్వరగా పెరుగుతాయి, ఎండిపోయే గుంటలో త్వరగా పెరగడమే వాటికి ప్రాణం. వేడిలో తేడా లేకున్నా అవి కలిసే ఉంటే, అక్కడ పాచి ఉందేమో, నీరు ఇంకి చోటు ఇరుకైందేమో చూడండి. ఇవేవీ కానప్పుడే అవి ఒకదాన్నొకటి కోరి చేరాయని అనుకోవచ్చు.

ఆ కోరిక నిజమేనని శాస్త్రజ్ఞులు చూపించారు. 1979లో వాల్డ్‌మన్, ఆడ్లర్ అనేవారు అమెరికా గోదురుకప్ప పిల్లలు తమ తోడబుట్టినవాటి దగ్గరికే ఎక్కువగా చేరతాయని ప్రకటించారు. మన గోదురుకప్ప పిల్లలకూ తోడబుట్టినవాటిని గుర్తుపట్టే శక్తి ఉందని ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనలు తెలిపాయి. ఒక పిల్ల గాయపడితే దాని చర్మం నుంచి వెలువడే పదార్థం తగిలి మిగిలినవి పారిపోతాయి కాబట్టి, గుంపు ఒక్కసారిగా విచ్చుకుంటే దగ్గర్లో తూనీగ పిల్లపురుగు గానీ నీటిపాము గానీ ఉందేమో వెతకండి. దీన్ని పరీక్షించడానికి మాత్రం ఏ పిల్లనూ గాయపరచవద్దు.

నిజమైన బారు చూడాలంటే దక్షిణాఫ్రికాకు చెందిన జెనోపస్ కప్ప పిల్లలే సరైన ఉదాహరణ. అవి నీటి నడుమ తల కొంచెం కిందికి వంచి, తోక కొసను మాత్రం ఆడిస్తూ, ఒకే దిక్కుకు వరుసగా నిలుస్తాయి. మన కుంటల్లో నీటి మధ్య వేలాడే, అద్దంలా పారదర్శకమైన, మైక్రోహైలా అనే చిన్న కప్పల పిల్లలనూ ఇదే గడియారం లెక్కతో చూడండి.

పిల్లలను ఇంటికి తేవలసిన అవసరం లేదు. దగ్గరగా చూడాలనుకుంటే తెల్లటి గిన్నెలో ఆ కుంట నీటినే పోసి, తడి చేతులతో పట్టుకొని, కాసేపటికి అదే చోట వదలండి. ఒక కుంటలోని పిల్లలను గానీ నీటిని గానీ మరో కుంటకు చేర్చవద్దు, కప్పలను చంపే శిలీంధ్రం అలా పాకుతుంది.

నోటుపుస్తకంలో తేదీ, వేళ, నీటి వేడి, లోతు, గుంపు వెడల్పు ప్రతిరోజూ ఉండాలి. వెనుక కాళ్ల మొగ్గలు కనిపించిన రోజును, ముందు కాళ్లు బయటికి వచ్చిన రోజును విడిగా గుర్తించండి. ముందు కాళ్లు వచ్చాక తోక కరగడం మొదలై ఈత నెమ్మదిస్తుంది. అప్పుడు నీటిలో కాక ఒడ్డున తడి మట్టి మీద వెతకండి, వేలిగోరంత గోదురుకప్పలు అక్కడ కూడా గుంపుగానే కనిపిస్తాయి.