ఇల్లు చల్లగా – 4వ పాఠం: కిటికీ ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి

పోయిన పాఠం చివర్లో నేను రాసింది ఇది: ఎదురెదురు కిటికీలు రెండూ తెరవండి, గాలి ఆడనివ్వండి. అలా చేసినవాళ్లలో చాలామంది ఇల్లు చల్లబడకపోగా ఇంకా ఉడికిపోయిందని రాశారు. ఒకరు పొద్దున 10 గంటలకు తెరిచి సాయంత్రం 5 దాకా అలాగే ఉంచారు. రాత్రి 9కి ఇనప బీరువా తలుపు మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉందట. మరొకరు చీకటి పడ్డాక అరగంట తెరిచి, గది చల్లబడిందని మూసేశారు. పది నిమిషాల్లో మళ్లీ ఉక్క.

తప్పు వాళ్లది కాదు. ఎలా తెరవాలో చెప్పాను గాని ఎప్పుడు తెరవాలో చెప్పలేదు. చెప్పనక్కరలేదనుకున్నాను. అందుకే ఈసారి చెబుతానన్న నీడ సంగతి వచ్చే పాఠానికి జరిపాను. ఇవాళంతా వేళల గురించే.

బయటి గాలి లోపలి గాలి కన్నా చల్లగా ఉన్నప్పుడే కిటికీ తెరవాలి. వేడిగా ఉన్నంతసేపూ మూసి, తెర దించి ఉంచాలి. ఇంతే సూత్రం. కానీ ఏది చల్లగా ఉందో ఒంటితో తేల్చుకోవద్దు, ఒళ్లు మోసం చేస్తుంది. రెండు థర్మామీటర్లు కావాలి. నాకు గాజు గొట్టంవి ఇష్టం, బ్యాటరీ గొడవ ఉండదు. డిజిటల్ అయినా ఫర్వాలేదు. ముందు రెండింటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన గంటసేపు ఉంచి చూడండి. తేడా ఉంటే, అర డిగ్రీ అయినా సరే, చీటీ మీద రాసి దానికే అంటించండి. తర్వాత ఒకదాన్ని గది మధ్యలో ఛాతీ ఎత్తున దారంతో వేలాడదీయండి. గోడకు తగిలిస్తే అది గోడ వేడి చెబుతుంది. రెండోది బయట, రోజంతా నీడ ఉండే చోట, గోడకు జానెడు దూరంగా ఉండాలి. ఎండ తగిలే థర్మామీటర్ చూపించేది గాలి వేడి కాదు, అది తాను ఎంత కాలిందో. బయట 48 ఉందని కంగారుపడి రాసినాయన థర్మామీటర్ ఎండలోనే ఉంది.

పొద్దున కాసేపు బయటి అంకె లోపలి దానికన్నా తక్కువ ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ అది పైకి పాకి, ఒక సమయానికి లోపలి అంకెను అందుకుంటుంది. ఆ నిమిషానికి కిటికీలు మూసేయాలి. సాయంత్రం అది దిగుతూ వచ్చి లోపలి అంకె కిందికి జారుతుంది. అప్పుడు తెరవాలి. పొద్దు గూకగానే తెరవడం చాలామంది అలవాటు. అప్పటికింకా బయటే వేడి ఎక్కువ ఉండవచ్చు, కాబట్టి అంకె చూసి తెరవండి.

ఇక అరగంట తెరిచి మూసేసినవారి సంగతి. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గది తీసుకోండి. అందులో గాలి 36 ఘనపు మీటర్లు. దాన్ని ఒక డిగ్రీ చల్లబరచాలంటే తీసేయాల్సిన వేడి సుమారు 43 కిలోజౌల్స్. ఆ గది పైన 10 సెంటీమీటర్ల కాంక్రీటు స్లాబు ఉంటే, దాన్ని ఒక డిగ్రీ దించడానికి సుమారు 2,500 కిలోజౌల్స్ తీయాలి. అంటే దాదాపు 60 రెట్లు. గోడలు, నేల ఇంకా లెక్కలోకి రాలేదు. అరగంటలో మీరు మార్చింది గాలిని మాత్రమే. కిటికీ మూయగానే స్లాబూ గోడలూ తమలో దాచుకున్న వేడిని ఆ కొత్త గాలికి ఇచ్చేస్తాయి. కాబట్టి రాత్రంతా తెరిచే ఉంచాలి. చల్లబడాల్సింది గోడలు. అవి చల్లబడితే మర్నాడు పగలంతా కిటికీలు మూసి ఉన్నా, గదిలో వేడిని అవే పీల్చుకుంటాయి.

ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున వాడిన భవనం జింబాబ్వే రాజధాని హరారేలో ఉంది, పేరు ఈస్ట్‌గేట్ సెంటర్. ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్ రూపకల్పన చేశారు, 1996లో తెరిచారు. రాత్రి చల్లగాలిని ఫ్యాన్లతో లోపలికి లాగి, పగలు వేడి పీల్చుకున్న కాంక్రీటును చల్లబరుస్తారు. మామూలు ఏసీ వ్యవస్థ లేకుండానే అంత పెద్ద కట్టడం నడుస్తోంది. మీ ఇంట్లో టేబుల్ ఫ్యాన్ ఒకటి చాలు. రాత్రి దాన్ని ఒక కిటికీ దగ్గర, ముఖం బయటికి తిప్పి పెట్టండి. అది లోపలి వేడి గాలిని తోసేస్తుంటే, ఎదుటి కిటికీలోంచి చల్లగాలి దానంతట అదే వస్తుంది. లోపలికి తిప్పి పెట్టడం కన్నా నాకు ఇదే బాగా పనిచేసింది. దోమల జాలీ మీద దుమ్ము పేరుకుంటే గాలి బాగా తగ్గుతుంది, వారానికోసారి కడగండి.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే పొరపాటు. మధ్యాహ్నం కిటికీ తెరిచి, "గాలి తగులుతోంది కదా, చల్లగానే ఉంది" అంటారు. ఈ ఒక్క మాట వల్లే సగం ఇళ్లు వేడెక్కుతున్నాయని నా నమ్మకం. గాలి తగలడం వేరు, గది చల్లబడటం వేరు. మన చర్మం వేడి సుమారు 33 నుంచి 35 డిగ్రీలు. దానికన్నా చల్లటి గాలి తగిలితే ఒంటి వేడిని పట్టుకుపోతుంది. అంతకు మించి చెమటను ఆరబెడుతుంది. ఒక లీటరు చెమట ఆరిందంటే సుమారు 2,400 కిలోజౌల్స్ వేడి ఒంటినుంచి పోయినట్టు, అంటే మూడింట రెండు వంతుల కరెంటు యూనిట్. అందుకే 38 డిగ్రీల గాలి తగిలినా హాయిగా అనిపిస్తుంది. గోడకు మాత్రం చెమట లేదు. 38 డిగ్రీల గాలి 31 డిగ్రీల గోడకు తగిలితే గోడ వేడెక్కుతుంది, ఇంకేమీ జరగదు. మీకు హాయిగా ఉన్నంతసేపూ మీ ఇల్లు కాలుతూనే ఉంటుంది. ఆ వేడినే రాత్రి మంచం మీద అనుభవిస్తారు.

నమ్మకం కుదరకపోతే చేసి చూడండి. పొడి థర్మామీటర్‌ను టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పావుగంట ఉంచండి. అంకె దిగదు. ఇప్పుడు దాని బుడ్డికి తడిగుడ్డ పీలిక చుట్టి మళ్లీ అదే గాలిలో పెట్టండి. చూస్తుండగానే దిగుతుంది. ఆ పొడి బుడ్డి మీ గోడ, తడి బుడ్డి మీ ఒళ్లు.

సీలింగ్ ఫ్యాన్‌కీ ఇదే లెక్క. మామూలుది సుమారు 75 వాట్లు తింటుంది, ఆ కరెంటంతా చివరికి వేడిగా మారి గదిలోనే మిగులుతుంది. మనిషి లేని గదిలో ఫ్యాన్ తిప్పితే గది చల్లబడదు, కాస్త వేడెక్కుతుంది. మధ్యాహ్నం గాలి కావాలంటే కిటికీలు మూసి, మీరున్న గదిలో ఫ్యాన్ వేసుకోండి. చెమట ఆరుతుంది, గోడ చల్లదనమూ నిలుస్తుంది. ఒక జాగ్రత్త: గదిలోనే 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ మీద ఆధారపడొద్దు. ఆ వేడిలో ఫ్యాన్ గాలి ఒంటిని ఇంకా కాలుస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే హద్దు చెబుతుంది. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవాలి, చల్లటి చోటుకు వెళ్లాలి. ముసలివాళ్ల విషయంలో అసలు ఆలస్యం వద్దు.

ఈ వేళలు అందరికీ కుదరవు. పగటి వేడికీ రాత్రి వేడికీ తేడా 10 డిగ్రీలో అంతకన్నా ఎక్కువో ఉంటే బాగా కుదురుతాయి. తేమ బాగా ఉండే చోట ఆ తేడా చాలా తక్కువగా ఉండవచ్చు. అప్పుడు రాత్రి కూడా గోడలు పెద్దగా చల్లబడవు. అక్కడ పగలు మూసేస్తే ఉక్కపోతే మిగులుతుంది. లోపలా బయటా అంకెలు దాదాపు ఒకటే అయితే పగలూ కిటికీలు తెరిచే ఉంచండి. అక్కడ గాలి తగలడమే మీకు దొరికే చల్లదనం. పోయిన పాఠం బాగా పనిచేసిందని రాసిన కొద్దిమందీ ఇలాంటి చోట్ల వాళ్లే.

వంటగదికి మాత్రం ఈ నియమం లేదు. స్టవ్ వెలుగుతున్నంతసేపూ కిటికీ తెరిచే ఉండాలి, బయట ఎంత మండుతున్నా సరే. వంటగది తలుపు మిగతా ఇంటివైపు మూసుకుంటే చాలు. పడుకునే గదుల్లోనూ పగలు బిగించి ఊపిరాడకుండా చేయకండి. నీడ వైపు కిటికీ వేలెడు సందు వదలండి.

అభ్యాసం: వరుసగా మూడు రోజులు, రెండు గంటలకోసారి, రెండు అంకెలూ రాయండి. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా. ఒక్క రోజైనా తెల్లవారుజామున 4కి అలారం పెట్టుకుని లేవండి, ఆ అంకె లేకుండా మిగతావి నాకు పంపొద్దు. రాత్రి మీ గోడలు ఎంతదాకా చల్లబడ్డాయో ఆ వేళకే తెలుస్తుంది. మొదటి రోజు మీ పాత అలవాటు ప్రకారమే కిటికీలు ఉంచండి. రెండో రోజు, మూడో రోజు అంకె చూసి మూయండి, తెరవండి. ప్రతి అంకె పక్కన కిటికీ మూసి ఉందో తెరిచి ఉందో రాయండి. మబ్బు పడితే మబ్బు అని, ఇంట్లో పదిమంది చుట్టాలు దిగితే ఆ మాట కూడా రాయండి, ఒక్కో మనిషి ఊరికే కూర్చున్నా సుమారు 100 వాట్ల వేడి వదులుతాడు. పడమటి గది ఉన్నవాళ్లు సాయంత్రం 4 గంటల అంకె కింద గీత గీయండి. వచ్చే పాఠం నీడ గురించి, దాన్ని ఆ గీతల దగ్గరే మొదలుపెడతాను.