ఇంట్లో రికార్డింగ్: మైక్ మార్చే ముందు చూడాల్సినవి

గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది

కండెన్సర్ మైక్ (కరెంటు ఇస్తేనే పనిచేసే సున్నితమైన రకం) గోడలకి తగిలి తిరిగొచ్చే గది మోతనంతా లాగేస్తుంది, డైనమిక్ (సాధారణంగా కరెంటు అక్కర్లేని రకం) కొంటే పోతుంది అని ఎప్పుడూ నడిచే వాదన. అందులో నిజం తక్కువ. డైనమిక్ దగ్గర నోరు ఆనించినట్టు పాడతారు, కండెన్సర్‌కి అడుగు దూరంలో నిలబడతారు. తేడా చాలావరకు ఆ దూరానిదే. రెండూ కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం) అయితే ఒకే దూరంలో పెట్టి, లెవెల్ సమానం చేసి వినండి. మోత దాదాపు ఒకేలా ఉంటుంది.

కాబట్టి ముందు దగ్గరికి జరగండి. 30 సెంటీమీటర్ల దూరాన్ని 15కి తెస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గెయిన్‌ని (మైక్ సిగ్నల్‌ని పెంచే నాబ్‌ని) అంత తగ్గించండి, దాంతోపాటే మోతా తగ్గుతుంది. దగ్గరికొస్తే ‘ప’, ‘భ’ల దగ్గర గాలి కొడుతుంది: మధ్యలో పాప్ ఫిల్టర్ పెట్టి, మైక్‌ని నోటికి సూటిగా కాక కాస్త పక్కకి తిప్పండి. గొంతులో కింది స్వరాలు బరువెక్కితే 80-100 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (ఆ కింది శబ్దాల్ని కోసేసే ఫిల్టర్) వేయండి.

అప్పటికీ మోత ఉంటే దుప్పటి. కానీ ఎక్కడ? అందరూ మైక్ వెనక కడతారు. కార్డియాయిడ్‌కి వెనక చెవుడు. అది వినేది మీ నోటినీ, మీ వీపు వెనకున్న గోడనీ. బొంతలాంటి మందపాటిదాన్ని మీ వెనకే, గోడకి జానెడు ఎడంగా వేలాడదీయండి. అంగుళం మందం ఫోమ్ పై ఫ్రీక్వెన్సీలనే తింటుంది, కింది గుంయ్‌మనే మోత అలాగే మిగులుతుంది.

సన్నగా ‘స్‌స్‌స్’ అంటోంది

మైక్‌ని బొంతలో చుట్టి బీరువాలో పెట్టి, అదే గెయిన్‌తో పది సెకన్లు రికార్డ్ చేయండి. శబ్దం పడిపోతే తప్పు గదిది: ఫ్యాన్, కంప్యూటర్. పడకపోతే మైక్‌దో, ప్రీయాంప్‌దో (మైక్ సిగ్నల్‌ని పెంచే భాగం). షూర్ ఎస్ఎమ్7బి లాంటి తక్కువ అవుట్‌పుట్ మైక్‌కి మాటల కోసం 60 డెసిబెల్స్ దాకా గెయిన్ కావాలి. ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) అంత శుభ్రంగా ఇవ్వలేకపోతే మధ్యలో ఇన్‌లైన్ బూస్టర్ (కేబుల్ మధ్యలో పెట్టే చిన్న ప్రీయాంప్) పెట్టాలి, దానికి ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (మైక్ కేబుల్ ద్వారా వెళ్లే కరెంటు) ఆన్ చేయాలి. 24 బిట్ రికార్డింగ్‌లో పీక్స్ (గట్టి శబ్దాల ఎత్తు) మీటర్ మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు, సున్నా దాకా తోయొద్దు.

‘హుమ్’ మని ఒకే శ్రుతి పలుకుతోంది

కరెంటు సరఫరాది: 50 లేదా 60 హెర్ట్జ్, దాని రెట్లు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. పోతే గ్రౌండ్ లూప్ (పరికరాలు రెండు దారుల్లో ఎర్త్‌కి కలిసి హుమ్ తెచ్చేది) అయ్యుంటుంది. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి, స్పీకర్లకి బ్యాలెన్స్‌డ్ కేబుల్స్ (దారిలో అంటిన హుమ్‌ని రద్దు చేసేవి) వాడండి. ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ తీయకండి, ప్రాణం మీదికొస్తుంది. గిటార్‌ని అటూ ఇటూ తిప్పితే హుమ్ మారుతోందంటే పట్టుకునేది పికప్పే (తీగల కింద ఉండే అయస్కాంతం, కాయిల్). తక్కువున్న దిక్కుకి తిరిగి కూర్చోండి.

హెడ్‌ఫోన్స్‌లో గొంతు ఆలస్యంగా, రెండుగా

48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్‌లో (సెకనుకి 48 వేల శాంపిళ్లు) 1024 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునేది) అంటే ఒక వైపుకే 21 మిల్లీసెకన్ల ఆలస్యం; 128 అయితే 2.7. పాడేటప్పుడు 128, పటపటలొస్తే 256, మిక్సింగ్‌కి 1024. డైరెక్ట్ మానిటరింగ్ (గొంతుని కంప్యూటర్ దాకా పోనీయకుండా ఇంటర్‌ఫేస్ నుంచే వినడం) వాడుతుంటే సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటర్ ఆపేయండి, గొంతు రెండుగా వినిపించేది అందుకే.

పాట వేగంగా, శ్రుతి పైకి

44.1 కిలోహెర్ట్జ్‌లో చేసిన ఫైల్ 48లో నడుస్తోంది. ప్రాజెక్ట్, ఇంటర్‌ఫేస్ రెండిటి శాంపిల్ రేట్‌నీ ఫైల్‌కి సరిపెట్టండి.