లేటెక్ పట్టికలు, నాలుగో పాఠం: డేటాను బట్టి గడులు కలపడం

కిందటి పాఠంలో స్ప్రెడ్‌షీట్‌ను సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసి, సీఎస్‌వీసింపుల్ ప్యాకేజీతో లేటెక్ (ఆదేశాలు రాసి పత్రాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) పట్టికలోకి తెచ్చుకున్నాం. పట్టిక వచ్చింది కానీ మొదటి నిలువు వరుసలో ఒకే పేరు పదే పదే కనిపిస్తోంది. ఆ గడులన్నీ కలిసిపోయి, పేరు మధ్యలో ఒక్కసారే ఉండాలి. రేపు షీటులో ఇంకో వరుస చేరినా లేటెక్ ఫైలు ముట్టుకోకుండానే కలయిక సరిపోవాలి. ఇవాళ్టి పని అదే. ఆదేశాల పేర్లు ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. ఫైల్లోనూ షీటులోనూ వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చెయ్యండి.

మన షీటులో మూడు నిలువు వరుసలు: ఏలో గ్రహం, బీలో ఉపగ్రహం, సీలో కనుగొన్న సంవత్సరం. మొదటి అడ్డు వరుస శీర్షికలది. రెండో వరుస నుంచి డేటా ఇలా ఉంది:

2. భూమి, చంద్రుడు, (ఖాళీ)
3. అంగారకుడు, ఫోబోస్, 1877
4. అంగారకుడు, డీమోస్, 1877
5. గురుడు, అయో, 1610
6. గురుడు, యూరోపా, 1610
7. గురుడు, గానిమీడ్, 1610
8. గురుడు, కల్లిస్టో, 1610
9. నెప్ట్యూన్, ట్రైటన్, 1846

గడులు నిలువుగా కలపడానికి మల్టీరో ప్యాకేజీ కావాలి. అడ్డంగా కలిపే మల్టీకాలమ్ లేటెక్‌లోనే ఉంది. రెండూ ఒకే జాతివి అనిపిస్తాయి గానీ పనితీరు వేరు. మల్టీరో నిజానికి ఏ గడినీ కలపదు. పై గడిలో రాసిన మాటను కిందికి జరిపి చూపిస్తుంది, అంతే. కింది వరుసల్లో ఆ గడి ఖాళీగా ఉండాలి, దాని వెనక, గడిని పక్క గడి నుంచి వేరుచేసే ఆంపర్‌సాండ్ (&) గుర్తు మాత్రం ఉండి తీరాలి. మల్టీకాలమ్ అలా కాదు, పక్క గడిని మింగేస్తుంది. రెండు గడులు కలిపితే వాటి మధ్య ఆంపర్‌సాండ్ రాయకూడదు. ఈ తేడా ఇప్పుడే పట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

మల్టీరోకు మూడు విషయాలు చెప్పాలి: ఎన్ని వరుసలు, ఎంత వెడల్పు, ఏ మాట. వెడల్పు చోట నక్షత్రం గుర్తు పెడితే మాటకు ఎంత కావాలో అంతే తీసుకుంటుంది. చిక్కంతా వరుసల సంఖ్యతోనే. 5వ వరుస దగ్గర «గురుడు» అని రాసేటప్పుడే అది నాలుగు వరుసలని చెప్పాలి. సీఎస్‌వీని ఒక్కో వరుసగా చదువుకుంటూ వచ్చే లేటెక్‌కు ఆ క్షణంలో 6, 7, 8 వరుసల్లో ఏముందో తెలియదు.

ఫైలును లేటెక్‌తోనే రెండుసార్లు చదివించి, మొదటిసారి లెక్కపెట్టించి, రెండోసారి అచ్చు వేయించవచ్చు. నేనైతే ఆ దారి వద్దంటాను. పక్కపక్క గడులను పోల్చి లెక్కపెట్టడం స్ప్రెడ్‌షీట్‌కు పుట్టుకతో వచ్చిన పని. లేటెక్‌కు అదే పని చెబితే డజను పంక్తుల మాక్రో (మనమే పేరు పెట్టి రాసుకునే ఆదేశం) అవుతుంది, ఆరు నెలల తర్వాత రాసినవాళ్లకే అర్థం కాదు. లెక్క షీటులో తేల్చేసి, లేటెక్‌కు అంకె మాత్రం అందిద్దాం.

డీ2 గడిలో ఈ ఫార్ములా రాసి చివరిదాకా లాగండి:

=ఇఫ్(ఏ2=ఏ3, డీ3+1, 1)

కింది వరుసలో కూడా ఇదే గ్రహం ఉంటే కింది లెక్కకు ఒకటి కలుపు, లేకపోతే ఒకటి. లెక్క కింది నుంచి పైకి పేరుకుంటుంది. మన డేటాకు వరసగా 1, 2, 1, 4, 3, 2, 1, 1 వస్తాయి. అంటే ఈ వరుసతో సహా గుంపులో ఇంకా ఎన్ని మిగిలాయో డీ చెబుతుంది. ఇక ఈ2లో:

=ఇఫ్(ఏ2=ఏ1, 0, డీ2)

దీనికి 1, 2, 0, 4, 0, 0, 0, 1 వస్తాయి. సున్నా ఉన్న చోట గడి ఖాళీ. సున్నా కాకపోతే అదే మల్టీరోకు ఇవ్వాల్సిన సంఖ్య.

కౌంట్‌ఇఫ్ వాడితే సరిపోదా అనుకోవచ్చు. అది షీటు మొత్తంలో ఆ పేరు ఎన్నిసార్లు ఉందో లెక్కిస్తుంది. గురుడు పైన రెండు వరుసల్లో, మధ్యలో శని, కింద మళ్లీ గురుడు ఉంటే మల్టీరో శని మీదికి ఎక్కేస్తుంది. పై ఫార్ములా పక్కపక్కన ఉన్నవాటినే లెక్కిస్తుంది కాబట్టి ఆ ప్రమాదం లేదు.

షీటులోనే గడులు మెర్జ్ చేసి (కలిపి) ఉంటే ముందు విడదీసి, ప్రతి వరుసలోనూ పేరు నింపండి. మెర్జ్ చేసిన గడులు సీఎస్‌వీలోకి వెళ్లేటప్పుడు పై గడిలోనే పేరు ఉంటుంది, మిగతావి ఖాళీ. పేరు చివర కనబడని ఖాళీ జాగా ఉన్నా పోలిక తప్పుతుంది, ట్రిమ్ ఫంక్షన్‌తో శుభ్రం చేసుకోండి.

ఇప్పుడు లేటెక్ వైపు. «ఈ» (E) నిలువు వరుస చూసి మాట పెట్టాలా వద్దా తేలుతుంది. డీ చూసి గీత తేలుతుంది: డీ ఒకటైతే గుంపు ముగిసింది, హెచ్‌లైన్‌తో నిండు గీత. ఒకటి కంటే ఎక్కువైతే సీలైన్‌తో 2, 3 నిలువు వరుసల కిందే గీత, లేకపోతే కలిపిన గడి మధ్య నుంచి గీత దూసుకుపోతుంది.

ఈ షరతులను నేరుగా పట్టిక లోపల రాస్తే చాలామందికి ఎదురయ్యే ఎర్రర్లు «మిస్‌ప్లేస్డ్ ఒమిట్», «మిస్‌ప్లేస్డ్ నోఅలైన్». కారణం ఇది: మల్టీకాలమ్ తన గడిలో మొట్టమొదట ఉండాలి, హెచ్‌లైన్ వరుస ముగిసిన వెంటనే ఉండాలి. వాటికి ముందు షరతు చూసే ఇఫ్‌దెన్‌ఎల్స్ లాంటి, విస్తరించి మాయం కాలేని ఆదేశం వస్తే గడి అప్పటికే మొదలైపోయినట్టు టెక్ (లేటెక్ వెనక నడిచే ప్రోగ్రాం) లెక్క. ఇంకోటి, ప్రతి గడీ ఒక విడి గ్రూపు. ఒక గడిలో మామూలు డెఫ్ (మాక్రోను నిర్వచించే ఆదేశం)తో దాచుకున్న విలువ ఆంపర్‌సాండ్ దాటగానే పోతుంది. «ముందటి వరుస పేరు గుర్తుపెట్టుకో» అని రాసిన మాక్రోలు పనిచెయ్యకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

అందుకే పట్టిక బయటే అంతా తేల్చుకుందాం. ఈటూల్‌బాక్స్ ప్యాకేజీలో ఎక్స్‌యాప్‌టు అనే ఆదేశం ఉంది. ఒక మాక్రో చివర కొత్త ముక్కను అతికిస్తుంది. సీఎస్‌వీని వరుసవరుసగా చదివే సీఎస్‌వీరీడర్‌ను పట్టికలో కాకుండా దానికి ముందే నడపండి. ఒక్కో వరుసకూ «ఈ», «డీ» గడుల విలువలను, సంఖ్యలను పోల్చే ఇఫ్‌నమ్‌తో చూసి, మల్టీరో, ఆంపర్‌సాండ్‌లు, వరుస ముగింపు, గీత అన్నీ «వరుసలు» అనే మాక్రోకు అతికిస్తూ పోండి. చివర్లో ట్యాబ్యులర్ (పట్టిక గీసే ఆదేశం) లోపల ఆ ఒక్క మాక్రో పేరు రాస్తే చాలు. పట్టిక లోపల షరతు అన్నదే ఉండదు, ఎర్రరుకు చోటూ ఉండదు.

ఎక్స్‌యాప్‌టు అతికించే ముందు లోపలి ఆదేశాలన్నిటినీ విప్పేస్తుంది, అంటే ఆదేశం బదులు దాని విలువను పెడుతుంది. గ్రహం పేరు, సంఖ్య విప్పుకోవాలి, లేకపోతే అన్ని వరుసల్లోనూ చివరి గ్రహమే పడుతుంది. మల్టీరో, మల్టీకాలమ్, హెచ్‌లైన్, సీలైన్, వరుస ముగింపు మాత్రం విప్పుకోకూడదు. వాటి ముందు నోఎక్స్‌పాండ్ పెట్టండి. అదే ఫైల్లో రెండో పట్టిక ఉంటే «వరుసలు» మాక్రోను ముందు ఖాళీ చెయ్యడం మరవకండి.

ఇక చంద్రుడి వరుస. సంవత్సరం గడి ఖాళీ కాబట్టి ఉపగ్రహం పేరు రెండు గడుల్లో పరుచుకోవాలి. సంవత్సరం ఖాళీయా అని చూసి, అవునంటే మల్టీకాలమ్‌తో 2 గడులు కలిపి, ఆంపర్‌సాండ్ లేకుండా వరుస ముగించండి. కాదంటే ఉపగ్రహం, ఆంపర్‌సాండ్, సంవత్సరం. మల్టీకాలమ్‌కు అమరిక కొత్తగా చెప్పాలి, కుడి అంచు నిలువు గీత కూడా అందులోనే రాయాలి.

గడులకు రంగు వేస్తే మల్టీరో మాట మాయమవుతుంది, కింది వరుసల రంగు దాని మీద పడుతుంది కాబట్టి. అప్పుడు మాటను గుంపు చివరి వరుసలో పెట్టి సంఖ్యను మైనస్ చెయ్యాలి: 4 బదులు −4. దానికి పై నుంచి లెక్కించే ఎఫ్ నిలువు వరుస కావాలి: =ఇఫ్(ఏ2=ఏ1, ఎఫ్1+1, 1). డీ ఒకటైన వరుసలో ఎఫ్‌కు మైనస్ పెట్టి ఇవ్వండి.

పొడవైన పట్టికలో గుంపు మధ్యలో పేజీ మారితే మల్టీరో రెండు ముక్కలు కాలేదు. పేజీలు దాటే పట్టికల కోసం ఉన్న లాంగ్‌టేబుల్‌లో దాన్ని ఎలా ఆపాలో వచ్చే పాఠంలో చూద్దాం.

ఈలోగా ఇది చేసి చూడండి. షీటు చివర యురేనస్ ఉపగ్రహాలు నాలుగు చేర్చండి: టైటానియా 1787, ఓబెరాన్ 1787, ఏరియల్ 1851, అంబ్రియెల్ 1851. ఇప్పుడు సంవత్సరం గడులు కూడా కలవాలి. సీ2=సీ3 అని మాత్రమే అడిగితే, వరసగా ఉన్న రెండు గ్రహాలకు ఒకే సంవత్సరం తగిలినప్పుడు హద్దు దాటి కలిసిపోతాయి. గ్రహం, సంవత్సరం రెండూ ఒకటేనా అని యాండ్ ఫంక్షన్‌తో అడగండి. యురేనస్‌కు గ్రహం సంఖ్యలు 4, 0, 0, 0, సంవత్సరం సంఖ్యలు 2, 0, 2, 0 రావాలి. ఓబెరాన్ కింద గీత 2 నుంచి 3 వరకు, టైటానియా కింద 2లో మాత్రమే పడితే మీ షరతులు సరిగ్గా కుదిరినట్టే.