ఇంట్లోనే ఇనుప పని, చెక్క పని: చిన్న వర్క్‌షాప్ ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

చాలామంది పనిముట్ల జాబితాతో మొదలుపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. చెక్క పనిలో పొట్టు రాలుతుంది, ఇనుప పనిలో నిప్పురవ్వలు లేస్తాయి. ఒకే గదిలో ఈ రెంటినీ ఎలా దూరం పెడతారో ముందు ఆలోచించండి. బల్ల ఎక్కడ వేయాలి, గ్రైండర్ ఎక్కడ పెట్టాలి, ఏ పని తర్వాత ఏ పని చేయాలి అన్నవి దాన్నిబట్టే తేలిపోతాయి.

మొదటి అడుగు: గదిని రెండుగా చూడండి

మధ్యలో గోడ కట్టనక్కర్లేదు. గ్రైండింగ్, వెల్డింగ్ తలుపు దగ్గర చేసుకోండి, ఆరుబయట చేయగలిగితే మరీ మంచిది. చెక్క పని లోపలి వైపు పెట్టుకోండి. గ్రైండర్ రవ్వలు మీటర్ల దూరం ఎగురుతాయి. పొట్టులో పడ్డ రవ్వ అప్పటికప్పుడు మంటగా లేవదు. లోలోపల రాజుకుని, మీరు తలుపేసి వెళ్లాక అంటుకుంటుంది. అందుకే నేల ఊడ్వకుండా గ్రైండర్ ఆన్ చేయకండి. రవ్వల పని అయ్యాక కనీసం అరగంట అక్కడే ఉండి ఏదో ఒకటి సర్దుకుంటూ గమనించండి. చెక్కపొడి లాగిన వాక్యూమ్ క్లీనర్‌తో గ్రైండింగ్ దుమ్మును మాత్రం లాగకండి, సంచిలోనే నిప్పు రాజుకుంటుంది.

మంట ఒక్కటే కాదు, మచ్చల బెడద కూడా ఉంది. టానిన్ (కలపలో సహజంగా ఉండే వగరు పదార్థం) ఎక్కువుండే కలప మీద సన్నటి ఇనుప రజను పడి, దానికి తడి తగిలితే నల్లటి మచ్చలు తేలతాయి. రజను పడ్డప్పుడు కంటికి కనబడదు. చివర్లో నీళ్లతో కలిపే పాలిష్ వేసినప్పుడు బయటపడి, చేసిన పనంతా పాడుచేస్తుంది. ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీళ్లతో తుడిస్తే ఆ మచ్చలు పోతాయి కానీ అది విషం, చేతికి తొడుగు ఉండాల్సిందే.

రెండో అడుగు: బల్ల, వైస్

నిటారుగా నిలబడి చేతులు కిందికి వదలండి. మణికట్టు ఎక్కడికొస్తే చెక్క పని బల్ల అంత ఎత్తు ఉండాలి. అప్పుడే చిత్రిక పట్టేటప్పుడు ఒంటి బరువు కలిసొస్తుంది. ఆకురాయి (ఇనుమును అరగదీసే ఫైల్) పట్టడానికి మాత్రం వైస్ (వస్తువును బిగించి పట్టే పనిముట్టు) దవడలు మోచేతి ఎత్తులో ఉండాలి. ఈ రెండు ఎత్తులూ ఒకే బల్లకు కుదరవు. చోటు లేకపోతే వైస్‌ను మందపాటి దిమ్మకు బోల్టులతో బిగించి, అవసరమైనప్పుడు ఆ దిమ్మను బల్లకు క్లాంప్ చేసుకోండి. దవడ వెడల్పు 4 లేదా 5 అంగుళాలుంటే ఇంటి పనికి చాలు. వైస్ బల్ల కాలికి సరిగ్గా పైన ఉండాలి. కదలని దవడ బల్ల అంచును కాస్త దాటాలి, లేకపోతే పొడవాటి కడ్డీని నిలువుగా బిగించలేరు.

మూడో అడుగు: పనిముట్లు, ఒక్కొక్కటిగా

ముందు కొలిచేవి కొనండి: స్టీల్ స్కేలు, వెర్నియర్ కాలిపర్, మూలమట్టం (90 డిగ్రీల మూలను సరిచూసేది). మూలమట్టం సరిగా ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. తిన్నని అంచున్న చెక్కకు దాన్ని ఆనించి సన్నటి గీత గీయండి. తిప్పి బోర్లించి, అదే చోట మళ్లీ గీయండి. రెండు గీతలూ కలిసిపోతే సరే. విడిపోతే, కనిపించే తేడాలో సగం మూలమట్టంలో ఉన్న దోషం.

తర్వాత రంపం, రెండు ఉలులు, చిత్రిక, హ్యాక్సా (ఇనుము కోసే రంపం), ఆకురాళ్లు, సెంటర్ పంచ్ (రంధ్రం వేసే చోట చిన్న గుంట గుర్తు పెట్టేది), క్లాంపులు. పిడి లేని ఆకురాయి వాడకండి, దాని మొన అరచేతిలో దిగుతుంది. హ్యాక్సా బ్లేడు పళ్లు ముందుకు చూస్తూ ఉండాలి. కోసే మందంలో ఎప్పుడూ కనీసం 3 పళ్లు ఆని ఉండాలి. కాబట్టి మందపాటి కడ్డీకి అంగుళానికి 18 పళ్లవి, పలుచటి పైపుకి 32 పళ్లవి వాడండి. రేకునైతే రెండు చెక్కల మధ్య బిగించి చెక్కతో కలిపే కోసేయండి.

యంత్రాల్లో నా ఓటు పిల్లర్ డ్రిల్‌కే, అంటే స్తంభానికి బిగించి ఉండే డ్రిల్ యంత్రానికే. ఇనుముకీ చెక్కకీ అది సమానంగా పనికొస్తుంది. టేబుల్ సాకి (బల్లలో అమర్చిన గుండ్రటి రంపం యంత్రం) తొందరేం లేదు.

నాలుగో అడుగు: డ్రిల్ వేగం

మామూలు ఇనుముకి, హైస్పీడ్ స్టీల్ (డ్రిల్ బిట్లకు వాడే గట్టి ఉక్కు) బిట్‌కి ఒక చిన్న లెక్క: 8000ని బిట్ వ్యాసంతో భాగించండి. 10 మిల్లీమీటర్ల బిట్‌కి నిమిషానికి 800 చుట్లు, 5 మిల్లీమీటర్లకు 1600. అల్యూమినియానికి ఇంతకు రెట్టింపు పెట్టినా ఫర్వాలేదు, స్టెయిన్‌లెస్ స్టీల్‌కి సగానికి తగ్గించండి. వేగం ఎక్కువైతే బిట్ మొన నీలంగా మారుతుంది. సరిగ్గా కోస్తున్నప్పుడు ముక్కలు ఉంగరాలు తిరిగి వస్తాయి. కీచుమని అరుస్తోందంటే అది కోయడం లేదు, రుద్దుతోంది. అప్పుడు వేగం తగ్గించి ఒత్తిడి పెంచండి, నూనె చుక్క వేయండి.

చిన్న ముక్కయినా సరే చేత్తో పట్టుకోకండి, క్లాంప్ చేయండి. డ్రిల్ దగ్గర చేతి తొడుగులు వద్దు. తిరిగే బిట్ తొడుగుతో పాటు వేళ్లనీ చుట్టేసుకుంటుంది.

ఐదో అడుగు: పదును

ఉలికి 25 డిగ్రీల వాలు పెట్టి, కొసన మాత్రం 30 డిగ్రీలకు సానపట్టండి. అంతకంటే ముందు ఉలి వెనుక వైపు కొసను చదునుగా రుద్దాలి. అది చదును కాకుండా ఎంత సాన పట్టినా పదును నిలవదు. బెంచ్ గ్రైండర్ మీద పెడితే క్షణానికోసారి నీళ్లలో ముంచండి. కొస నీలం తిరిగిందంటే అంతమేరా అరగదీసి కొత్తగా మొదలుపెట్టడమే. అదే గ్రైండర్ రాయి మీద చెక్కను, అల్యూమినియాన్ని పెట్టకండి, రంధ్రాలు పూడిపోయి రాయి పాడవుతుంది.

ఇక గాలి, కరెంటు, నూనె

వర్క్‌షాప్ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. చుట్టగా ఉన్న ఎక్స్‌టెన్షన్ తీగను పూర్తిగా విప్పాకే పెద్ద యంత్రం తగిలించండి, లేకపోతే చుట్టలోనే వేడెక్కి కాలిపోతుంది. గట్టి కలప పొడి క్యాన్సర్ కారకమని ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ) 1995లోనే తేల్చింది, కాబట్టి మాస్కు తప్పనిసరి. జింకు పూత ఉన్న పైపును వెల్డ్ చేస్తే ఆ పొగకు జ్వరం వస్తుంది. వెల్డ్ చేసే చోట పూత రుద్దేసి, గాలి తగిలే చోట చేయండి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుమును అసలు వెల్డ్ చేయకండి, ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అవిసె నూనె పాలిష్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఎండనివ్వండి.

రెండూ కలిసిన పని వస్తే

ఇనుప కాళ్లు, చెక్క పలక ఉన్న బల్ల చేస్తున్నారనుకోండి. ముందు ఇనుము కోసి, వెల్డ్ చేసి, గ్రైండ్ చేసి, రంగు వేసి పక్కన పెట్టండి. నేలా బల్లా తుడిచాకే చెక్కను బయటికి తీయండి. చివర్లో చెక్కను ఇనుప చట్రానికి బిగించేటప్పుడు మామూలు గుండ్రటి రంధ్రాలు పనికిరావు. చెక్క వానాకాలం ఉబ్బి, ఎండాకాలం కుంచించుకుపోతుంది. నార వెంబడి దాదాపు మారదు, అడ్డంగా మాత్రం కొన్ని మిల్లీమీటర్లు కదులుతుంది, ఇనుము ఆ పాటి కదలదు. అందుకని చట్రంలో నారకు అడ్డంగా కోలగా ఉండే రంధ్రాలు చేయండి. పక్కపక్కనే రెండు రంధ్రాలు వేసి మధ్య భాగం ఆకురాయితో తీసేస్తే సరిపోతుంది. మధ్యలో ఉన్న స్క్రూ మాత్రం గట్టిగా బిగించండి. అంచుల్లో ఉన్నవాటికి వాషర్ వేసి, చెక్క జరిగేంత బిగువు మాత్రమే ఇవ్వండి.