వాడుక ఇంగ్లీషు, 14వ పాఠం: సబ్‌సైడ్‌కు కర్మ ఉండదు

గత పాఠంలో సబ్‌సైడ్ అనే క్రియను పరిచయం చేసి, దానితో సొంత వాక్యాలు రాయమని అడిగాను. పాలకొండ, బొబ్బిలి, చీపురుపల్లి, టెక్కలి నుంచి వచ్చిన జవాబులన్నీ చదివాను. ‘డాక్టర్ సబ్‌సైడెడ్ మై ఫీవర్’, ‘ఆనియన్ ప్రైస్ సబ్‌సైడెడ్’, ‘ద ఫ్లడ్ వజ్ సబ్‌సైడెడ్’ వంటి తప్పు వాక్యాలే వాటిలో ఎక్కువగా ఉన్నాయి. అందువల్ల ఈసారి చెప్పదలచుకున్న కొత్త క్రియను వాయిదా వేసి, దీని సంగతే పూర్తిగా తేల్చుకుందాం.

ఈ క్రియ లాటిన్‌లో ‘కిందికి కూర్చొను’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. లేచినది, పొంగినది, రేగినది తనంతట తాను దిగి కుదుటపడడమే దీని అసలు భావం. ఒడిశా కొండల్లో గట్టి వాన కురిస్తే నాగావళి పొంగుతుంది. శ్రీకాకుళం వంతెన స్తంభాల మీద బురద చారను వదిలి నీరు కిందికి దిగుతున్నప్పుడు మనం వరద తగ్గుముఖం పట్టిందంటాం. ఆ దిగడమే సబ్‌సైడ్. తెలుగులో మనం వాపు తీసిందని, కోపం చల్లారిందని, గోల సద్దుమణిగిందని, గాలి నెమ్మదించిందని, నేల కుంగిందని వేర్వేరుగా చెప్పే వాటన్నిటికీ ఇంగ్లీషులో ఈ ఒక్క క్రియ సరిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత గాలి ఉద్ధృతి తగ్గిందని చెప్పాలంటే ‘ద విండ్స్ సబ్‌సైడెడ్’ అంటే చాలు.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. ‘వజ్ సబ్‌సైడెడ్’ అన్న ప్రయోగం విద్యార్థుల వాక్యాల్లోనే కాక, చదువుకున్నవారు రాసే ఉత్తరాల్లోనూ కనిపిస్తుంది; అది చూసినప్పుడల్లా నాకు నిజంగా బాధ కలుగుతుంది. బడిలో మనచేత కర్తరి వాక్యాలను కర్మణిలోకి మార్చే అభ్యాసం విపరీతంగా చేయించారు. దానివల్ల జరిగిపోయిన ప్రతి పనికీ ముందు ‘వజ్’ చేర్చే అలవాటు చేతికి పట్టేసింది. కాని కర్మణి వాక్యం కట్టాలంటే ముందుగా కర్మ ఉండాలి, ఈ క్రియకు కర్మే లేదు. సందేహం వచ్చినప్పుడు ‘ఎవరిచేత?’ అని ప్రశ్నించండి. ‘ద స్వెల్లింగ్ వజ్ రెడ్యూస్డ్ బై ఐస్’ అన్న వాక్యం సరైనదే, ఎందుకంటే అక్కడ మంచుగడ్డ వాపును తగ్గించింది. ‘ద స్వెల్లింగ్ వజ్ సబ్‌సైడెడ్ బై ఐస్’ అన్నది ఏ సందర్భంలోనూ చెల్లదు. ‘గాట్ సబ్‌సైడెడ్’, ‘హాజ్ బీన్ సబ్‌సైడెడ్’ కూడా అదే తప్పుకు వేరే రూపాలు. తెలుగులో తగ్గు, తగ్గించు అన్న తేడాను మనం పొరపాటున కూడా కలిపేయం. ‘జ్వరం తగ్గించింది’ అని ఎవరైనా అంటే, ఏ మందు తగ్గించిందని వెంటనే అడుగుతాం. సబ్‌సైడ్ ఎప్పుడూ తగ్గు వైపే ఉంటుంది, తగ్గించు వైపుకు రాదు.

ఇంత చెప్పిన తరువాత కొందరు భయపడి ‘ఈజ్’, ‘హాజ్’ అన్నవాటిని కూడా దీని పక్కన రానివ్వడం మానేస్తారు. అది అనవసరం. ‘ద పెయిన్ ఈజ్ సబ్‌సైడింగ్’ అంటే నొప్పి తగ్గుతోందని, ‘ద పెయిన్ హాజ్ సబ్‌సైడెడ్’ అంటే తగ్గిందని అర్థం. రెండూ చక్కని వాక్యాలు. మాత్ర వల్లనే జ్వరం తగ్గిందని చెప్పదలచుకుంటే ‘ద ఫీవర్ సబ్‌సైడెడ్ ఆఫ్టర్ ఐ టుక్ ద టాబ్లెట్’ అనండి, లేదా మాత్రనే కర్తగా పెట్టి ‘ద టాబ్లెట్ బ్రాట్ ద ఫీవర్ డౌన్’ అనండి. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు వాపుకు ‘వెంట్ డౌన్’, గాలికి ‘డైడ్ డౌన్’ వాడడమే నాకు ఇష్టం. సబ్‌సైడ్‌కు పత్రికల్లోనూ ఉత్తరాల్లోనూ ఎక్కువ నిండుదనం వస్తుంది.

ఇక ఉల్లిపాయల ధర సంగతి. ధర, బరువు, మార్కులు, జీతం వంటి లెక్కలకు ఈ క్రియ సాధారణంగా నప్పదు. ధరకు ‘ఫెల్’, బరువు తగ్గిన మనిషికి ‘లాస్ట్ వెయిట్’ సరిపోతాయి. ఉద్ధృతి ఉన్నవాటికే సబ్‌సైడ్ అందంగా ఉంటుంది. పైడితల్లి సిరిమానోత్సవం ముగిశాక విజయనగరం వీధుల్లోని కోలాహలం సబ్‌సైడ్ అవుతుంది. వచ్చిన జనం సంఖ్య సబ్‌సైడ్ కాదు.

కుంగడం అనే అర్థంలో నామవాచకం సబ్‌సైడెన్స్. 2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌లో ఇళ్ల గోడలు బీటలు వారినప్పుడు ఇంగ్లీషు పత్రికలు ‘ల్యాండ్ సబ్‌సైడెన్స్’ అని రాశాయి. మీ జవాబుల్లో కొందరు ఈ నామవాచకం బదులు ‘సబ్సిడీ’ అని రాశారు. అది ప్రభుత్వం ఇచ్చే రాయితీ. పలికేటప్పుడు సబ్‌సైడ్‌లో ఊనిక రెండో భాగమైన ‘సైడ్’ మీద, సబ్సిడీలో మొదటి భాగం మీద పడుతుంది.

అభ్యాసం: కింది భాగాన్ని ఇంగ్లీషులోకి మార్చండి. ‘తగ్గు’ కనిపించిన ప్రతిచోటా సబ్‌సైడ్ పెట్టకండి, అది కొన్నిచోట్లే పనికివస్తుంది.

రాత్రంతా వీచిన గాలి తెల్లవారేసరికి తగ్గింది. ఉద్దానంలో చెట్లు పడిపోవడంతో ఆ ఏడాది కొబ్బరి దిగుబడి తగ్గింది. వంశధారలో వరద తగ్గాక గొట్టా బ్యారేజీ నుంచి వదిలే నీటిని తగ్గించారు. శిబిరంలో ఉన్న పిల్లవాడికి కాలి వాపు తగ్గింది గాని జ్వరం తగ్గలేదు. సాయంత్రానికి జనంలో భయం తగ్గింది, కూరగాయల ధరలు మాత్రం తగ్గలేదు.

ప్రతి వాక్యం కింద, ఆ క్రియనే ఎందుకు ఎంచుకున్నారో ఒక తెలుగు వాక్యంలో రాయండి. కారణం రాయని జవాబులను నేను దిద్దను.